పాత అడవుల ఆనవాలు: లోబేరియా లైకెన్

లోబేరియా పల్మొనేరియా చెట్ల బెరడు మీద పెరిగే పెద్ద లైకెన్. యూరప్, ఆసియా, ఉత్తర అమెరికా, ఆఫ్రికా ఖండాల తేమ అడవుల్లో ఓక్, బీచ్, మేపుల్, యాష్ వంటి చెట్లపై కనిపిస్తుంది. మన మసాలా దినుసుల్లోని రాతిపువ్వు కూడా లైకెనే.

లైకెన్ ఒక్క జీవి కాదు, కొన్ని జీవుల కూటమి. లోబేరియాలో మూడు రకాల జీవులు కలిసి బతుకుతాయి. శిలీంధ్రం శరీరాన్ని కట్టి, నీటిని పట్టి ఉంచుతుంది. ఆకుపచ్చ శైవలం కిరణజన్య సంయోగక్రియతో ఆహారం తయారుచేస్తుంది. నాస్టాక్ అనే సయనోబాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థాపిస్తుంది. లైకెన్ ముక్కలు నేలరాలి కుళ్లినప్పుడు ఆ నత్రజని అడవి మట్టికి చేరుతుంది.

దీనికి వేళ్లు లేవు. బెరడు ఆధారం మాత్రమే; చెట్టు రసాన్ని ఇది పీల్చదు. నీటిని వాన, మంచు, గాలిలోని తేమ నుంచి తీసుకుంటుంది. తడిస్తే నిగనిగలాడే పచ్చగా, ఎండితే గోధుమరంగు కాగితంలా మారుతుంది. ఎండినప్పుడు జీవక్రియలు దాదాపు ఆగిపోయి, తడి తగలగానే మళ్లీ మొదలవుతాయి. నత్తలు దీన్ని మేస్తాయి. వాటిని కొంతవరకు అడ్డుకునే రసాయనాలు లైకెన్‌లో ఉన్నాయి.

పైభాగమంతా గట్లు, గుంతలతో ఊపిరితిత్తుల లోపలి భాగాన్ని తలపిస్తుంది. ఏ అవయవాన్ని పోలిన మొక్క ఆ అవయవ రోగానికి మందు అని నమ్మిన కాలంలో యూరప్ వైద్యులు దీన్ని ఊపిరితిత్తుల జబ్బులకు ఇచ్చేవారు. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో దీన్ని శాస్త్రీయంగా వర్ణించాడు.

గట్ల మీద, అంచుల్లో పొడిలాంటి రేణువులు ఏర్పడతాయి. ఒక్కో రేణువులో శిలీంధ్రం, శైవలం రెండూ ఉంటాయి కనుక అనువైన బెరడు మీద పడితే కొత్త లైకెన్ మొదలవుతుంది. అయితే ఇవి ఎక్కువగా దగ్గరలోనే పడతాయి. పెరుగుదల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే. శిలీంధ్ర బీజాలు ఇంకా దూరం వెళ్లగలవు. కానీ మొలిచిన చోట వాటికి తగిన శైవలం దొరకాలి. అందుకే పాత చెట్లు నరికిన చోట కొత్తగా నాటిన అడవికి లోబేరియా చాలా ఆలస్యంగా చేరుతుంది. ఇది విస్తారంగా ఉన్నదంటే ఆ అడవి చాలాకాలంగా చెక్కుచెదరకుండా ఉందని శాస్త్రజ్ఞులు భావిస్తారు.

బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ శైవలాన్ని దెబ్బతీస్తుంది. ఆమ్ల వర్షం బెరడును ఆమ్లయుతం చేస్తుంది. పాత చెట్ల నరికివేత కూడా తోడై యూరప్‌లో అనేకచోట్ల ఇది తగ్గిపోయింది. ఉన్న పాత చెట్లను నిలబెట్టడమే దీన్ని కాపాడుకునే ప్రధాన మార్గం.