గడి దాటిన అక్షరాలు

మన సంస్థలో సెలవు దరఖాస్తు నింపనివారు ఉండరు. అందులో పేరుకు ఇరవై గడులు కేటాయించారనుకుందాం. ఇంటిపేరుతో సహా నిండుగా రాసుకునే మనవారి పేర్లు కొన్ని అందులో ఇమడవు. గుమాస్తా అయితే కలం ఆపి, పొడి అక్షరాలతో సరిపెడతాడు. కంప్యూటరుకు ఆ విచక్షణ లేదు. కొలత చూసి ఆగమని ప్రోగ్రాములో రాయకపోతే, మిగిలిన అక్షరాలతో పక్క గడులలోని సమాచారాన్ని చెరిపివేస్తూ సాగిపోతుంది. ఆ పక్కనే, చేతిలోని పని ముగిశాక ఎక్కడికి వెళ్లాలో తెలిపే చిరునామా ఉంటుంది. దుర్బుద్ధితో పంపినవాడు లెక్కచూసి అక్కడ తన చిరునామా పడేటట్లు చేస్తే, కంప్యూటరు అతని ఆదేశాలనే నమ్మకంగా అమలు జరుపుతుంది. ఈ లోపానికే ‘బఫర్ ఓవర్‌ఫ్లో’ అని పేరు.

ఇది కొత్తగా బయటపడినదేమీ కాదు. 1988 నవంబరులోనే మోరిస్ వర్మ్ ఈ దారిన కూడా కంప్యూటర్లలోకి చొరబడింది. అందుకు తోడ్పడినది, కొలత చూడకుండా అక్షరాలను స్వీకరించే ‘గెట్స్’ అనే ఆదేశం. దానిని సి భాషా ప్రమాణం నుంచి తొలగించడానికి 2011 వరకు పట్టిందంటే ఆశ్చర్యం కలుగక మానదు.

మనవంటి సంస్థలు ప్రత్యేకంగా తెలుసుకోదగినది 2003 జనవరి 25 నాటి ‘స్లామర్’ ఉదంతం. అది 376 బైట్ల ప్రోగ్రాము. ఇంగ్లీషు టైపులో ఐదారు పంక్తులకు మించదు. మైక్రోసాఫ్ట్ ఎస్.క్యు.ఎల్. సర్వర్ 2000లోని ఇటువంటి లోపం ఆధారంగా, పది నిమిషాలలో దాడికి వీలున్న యంత్రాలలో 90 శాతాన్ని ఆక్రమించింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డేవిస్-బెస్సీ అణువిద్యుత్ కేంద్రం కూడా దాని వాతపడింది. కేంద్రానికి ఫైర్‌వాల్ ఉన్నది. అయితే ఒక కాంట్రాక్టరు నెట్‌వర్కు నుంచి కార్యాలయానికి వేసిన లైను ఆ ఫైర్‌వాల్‌ను తాకకుండా లోపలికి వచ్చింది. వీధి తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తెరచి ఉంచినట్లయింది! పురుగు అక్కడినుంచి ప్లాంటు నెట్‌వర్కుకు పాకి, దానిని రద్దీతో ముంచెత్తింది. రియాక్టరు భద్రతా సూచికలను చూపే కంప్యూటరు వ్యవస్థ దాదాపు ఐదు గంటలు పనిచేయలేదు.

లోపాన్ని సరిదిద్దే సవరణను మైక్రోసాఫ్ట్ 2002 జూలైలోనే విడుదల చేసింది. ఆరు నెలలు గడిచినా ఆ కేంద్రంలో దానిని అమర్చలేదు. అదృష్టవశాత్తు మరమ్మతుల నిమిత్తం రియాక్టరు 2002 నుంచే ఆగి ఉన్నది. కంప్యూటరుతో నిమిత్తం లేని పాత అనలాగ్ పరికరాలు మాత్రం పురుగు తాకిడికి చెక్కుచెదరలేదు. ఆ ఐదు గంటలూ సిబ్బందికి అవే దిక్కయ్యాయి.