508 ఎందుకు ‘ఎన్‌టిఎ4’ అయింది?

సూర్యాపేట పిన్ కోడ్ 508213, కోదాడది 508206, మిర్యాలగూడది 508207. మూడూ 508తోనే ఎందుకు మొదలవుతాయి? 1972 ఆగస్టు 15న వచ్చిన ఈ పద్ధతిలో మొదటి మూడంకెలు ఉత్తరాలు వేరుచేసే ప్రాంతాన్ని, చివరి మూడు బట్వాడా చేసే పోస్టాఫీసును చెబుతాయి. 2016లో సూర్యాపేట కొత్త జిల్లా అయినా పిన్ మారలేదు.

సాఫ్ట్‌వేర్లు సరిగ్గా నడుస్తున్నాయా అని కనిపెట్టే న్యూ రెలిక్‌లోనూ ప్రతి అప్లికేషన్‌కూ ఇలాంటి గుర్తింపు ఉంటుంది. ఖాతా సంఖ్య, విభాగం, రకం, సొంత సంఖ్య అన్నీ అందులోనే. కానీ పైకి ఒక్క ముక్కా అర్థం కాదు. కారణం, దాన్ని బేస్64 పద్ధతిలో రాస్తారు.

ఎలాగంటే, 508లో ఒక్కో అంకెను కంప్యూటర్ 8 బిట్లుగా రాసుకుంటుంది. మొత్తం 24. వాటిని ఆరేసి చొప్పున విడగొడితే 13, 19, 0, 56 వస్తాయి. సున్నా నుంచి లెక్కించే 64 గుర్తుల పట్టికలో ఆ స్థానాల్లో ఉన్నవి ఎన్, టి, ఎ, 4. ఎంత చక్కని లెక్కో చూడండి! విప్పే సాధనం ఇదే లెక్కను వెనక నుంచి చేస్తుంది.

దీనికి తాళంచెవి లేదు, ఎవరైనా విప్పగలరు. అందుకే పాస్‌వర్డ్‌ను ఇలా రాసి దాచామనుకోవద్దు. మీ ఊరి పిన్‌తో మాత్రం కాగితం మీద తప్పక చేసి చూడండి.