16వ క్రోమోజోము మీద ఒక నింద

పోయిన సంక్రాంతికి బరంపురంలో మా ఇంటికి బంధువులంతా వచ్చారు. పక్కింట్లోనే ఉండే మా తమ్ముడి కూతుర్ని చూసి ఒకావిడ "మీ వంశమే అంతమ్మా, గాలి పీల్చినా ఒళ్ళు చేస్తారు" అన్నారు. పిల్ల సగం తిన్న అరిసె పళ్ళెంలో వదిలేసి లేచి వెళ్ళిపోయింది. నేను కామర్సు చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి. అయినా ఈ వంశం మాటలో నిజమెంతో తెలుసుకోవాలనిపించింది.

2007లో యూరపు సంతతివారు 38 వేలమందికి పైగా పాల్గొన్న ఒక పరిశోధన వెలువడింది. 16వ క్రోమోజోము మీది ఎఫ్‌టీవో అనే జన్యువులో ఒక తేడా ఉంటే లావెక్కే అవకాశం ఎక్కువని అందులో తేలింది. ఆ తేడా అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వచ్చినవారు, అసలు రానివారికంటే సగటున 3 కిలోలు ఎక్కువ తూగారు. మూడంటే మూడే కిలోలు! దానికే 'ఊబకాయం జన్యువు' అన్న పేరు స్థిరపడిపోయింది.

ఇంతకీ దాని ఉద్యోగం ఏమిటి? డీఎన్‌ఏని స్ట్రాంగ్ రూములోని లెడ్జరు అనుకోండి. అది బయటికి రాదు, కావలసిన పేజీకి నకలు తీసి పంపుతారు. ఆ నకలే ఆర్‌ఎన్‌ఏ. నకలులో 'ఎ' అనే అక్షరం మీద అక్కడక్కడ మిథైల్ అనే చిన్న గుర్తు పడుతుంది. మేము ఓచరు మీద పెట్టే పెన్సిల్ టిక్కు లాంటిది. అక్షరం మారదు గాని, ఆ నకలును ఎంతసేపు ఉంచాలి, ఎప్పుడు చించెయ్యాలి అన్నవి చాలావరకు ఆ గుర్తును బట్టి నడుస్తాయి. దీన్ని 1974లోనే కనిపెట్టారు. గుర్తును చెరిపే ఎంజైము ఉందని మాత్రం 2011లో గాని తెలియలేదు. షికాగో విశ్వవిద్యాలయంలో చువాన్ హె బృందం చూపిన ఆ ఎంజైమే ఎఫ్‌టీవో.

చెరిపేది లేకపోతే? దగ్గర సంబంధాలు చేసుకున్న ఒక పాలస్తీనా కుటుంబంలో, ఈ జన్యువు రెండు ప్రతులూ పనిచేయని పిల్లల గురించి 2009లో ప్రకటించారు. ఎదుగుదల లేక, అవయవలోపాలతో, రెండున్నరేళ్ళ లోపే పోయారు. మేనరికాలు మన ఇళ్ళలో కొత్త కాదు. అది చదివి కాసేపు కాగితాలు పక్కన పెట్టేశాను.

అసలు తమాషా ఇంకా ఉంది. లావుతో ముడిపడిన ఆ తేడా, ఎంజైమును తయారుచేసే భాగంలో లేనే లేదు. 2015లో అమెరికాలో చేసిన పరిశోధన ప్రకారం అది కొవ్వుకణాలలో పొరుగు జన్యువులైన ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5లను రెచ్చగొడుతుంది. దాంతో ఆ కణాలు కొవ్వును వేడిగా ఖర్చుపెట్టక దాచుకుంటాయి. పక్క ఖాతా పద్దు దీని పేరిట పడిందన్నమాట. అలాగని ఎఫ్‌టీవోకి బరువుతో సంబంధమే లేదనలేం. అది లేని ఎలుకలు సన్నగానే ఉన్నాయి.

రెండు లక్షలకు పైగా పెద్దల వివరాలు కలిపి చూసిన 2011 నాటి లెక్కలో, ఒళ్ళు వంచి తిరిగేవారిలో ఈ తేడా ప్రభావం 27 శాతం తక్కువగా కనిపించింది.

ఇదంతా చెబితే పిల్ల శ్రద్ధగా విని, "పెదనాన్నా, మూడు కిలోలేనా? మరి మిగతావి ఎవరి ఖాతాలో రాయాలి?" అంది. మాది కూడా తీపి మానని ఇల్లే. జవాబు తోచక, సాయంత్రం నడకకు నాతో వస్తావా అని అడిగాను. వస్తోంది.