వాకింగ్ ఒక్కటే చాలదు.. పెద్దలు జారిపడకుండా ఉండాలంటే ఏ వ్యాయామాలు చేయాలి?

అమ్మకో నాన్నకో ఫోన్ చేసినప్పుడు మనం అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి. బీపీ మాత్ర వేసుకున్నారా? షుగర్ ఎంత ఉంది? వాకింగ్‌కు వెళ్లారా? కానీ, 'ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు నిలబడగలుగుతున్నారు?' అని ఎప్పుడైనా అడిగారా? వింతగా అనిపించినా, వయసు 60 దాటినవారి విషయంలో తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఇది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 6,84,000 మంది కింద పడటం వల్ల చనిపోతున్నారు. ఈ మరణాలు 60 ఏళ్లు దాటినవారిలోనే ఎక్కువ. ప్రాణం దక్కినా తుంటి ఎముక విరిగితే ఆపరేషన్, మంచం, ఆసరా తప్పవు. నిన్నటిదాకా మార్కెట్‌కు వెళ్లి కూరగాయలు తెచ్చిన మనిషి, బాత్రూమ్‌కు వెళ్లాలన్నా ఇంకొకరిని పిలవాల్సి వస్తుంది. పైగా మళ్లీ పడతామేమోనన్న భయంతో నడక తగ్గించేస్తారు. దాంతో కాళ్లు ఇంకా బలహీనపడి, పడే ముప్పు మరింత పెరుగుతుంది.

బ్యాలెన్స్ ఎందుకు తగ్గుతుంది?

మనల్ని నిలబెట్టేవి కాళ్లు మాత్రమే కాదు. కళ్లు, లోపలి చెవి, పాదాలు, కీళ్లలోని నరాలు పంపే సమాచారాన్ని మెదడు క్షణాల్లో సరిచూసుకుని కండరాలను కదిలిస్తుంది. వయసుతో ఇవన్నీ నెమ్మదిస్తాయి. షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవారికి ఇబ్బంది ఇంకా ఎక్కువ. అయితే సాధన చేస్తే ఏ వయసులోనైనా బ్యాలెన్స్ మెరుగుపడుతుంది.

రోజూ నడుస్తున్నారు కదా, సరిపోదా?

గుండెకు, షుగర్‌కు నడక మంచిదే. పడకుండా కాపాడటానికి మాత్రం అదొక్కటే చాలదు. 108 అధ్యయనాలను పరిశీలించి 2019లో కాక్రేన్ సంస్థ ఒక సమీక్ష ప్రచురించింది. వ్యాయామం వల్ల కింద పడే సందర్భాలు సుమారు 23 శాతం తగ్గుతాయని అందులో తేలింది. బాగా పనిచేసినవి బ్యాలెన్స్ వ్యాయామాలు, వాటితో పాటు కాళ్లకు బలాన్నిచ్చేవి. నడక ఒక్కటే పడకుండా కాపాడుతుందనడానికి గట్టి ఆధారాలు దొరకలేదు. చదునైన దారిలో నడిచేటప్పుడు బ్యాలెన్స్‌కు పెద్దగా పరీక్ష ఉండకపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు.

వారానికి కనీసం 3 రోజులు బ్యాలెన్స్, బలం పెంచే వ్యాయామాలు చేయాలని పెద్దలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

ముందు ఈ చిన్న పరీక్ష

గోడ పక్కన నిలబెట్టండి. మీరు పట్టుకునేంత దగ్గర్లో ఉండండి. ఒక్కో భంగిమలో 10 సెకన్లు నిలవాలి.

1. రెండు పాదాలు పక్కపక్కన ఆనించి
2. ఒక పాదాన్ని సగం ముందుకు జరిపి
3. ఒక పాదం మడమ, రెండో పాదం వేళ్లకు తగిలేలా ఒకే వరుసలో
4. ఒంటికాలి మీద

మూడో భంగిమలో 10 సెకన్లు నిలవలేకపోతే పడే ముప్పు ఎక్కువగా ఉన్నట్టు. డాక్టర్‌కు చెప్పండి.

ఇంట్లో ఏం చేయించాలి?

వంటగట్టు లేదా గోడకు ఆనించిన బరువైన కుర్చీ ఉంటే చాలు. నేల పొడిగా ఉండాలి. సాక్సులతో వద్దు. పంచె, చీర అంచు కాళ్లకు అడ్డం పడకుండా చూడండి.

* కుర్చీలోంచి లేచి, మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం: 10 సార్లు
* గట్టు పట్టుకుని మడమలు పైకి లేపడం, దించడం: 10 సార్లు
* గట్టు వెంట పక్కకు అడుగులు: అటు 10, ఇటు 10
* గట్టు వెంటే మడమకు వేళ్లు తాకేలా ఒకే వరుసలో నడవడం: 10 అడుగులు
* ఒంటికాలి మీద నిలబడటం: ఒక్కో కాలికి 10 సెకన్లు

మొదట రెండు చేతులతో పట్టుకోవాలి. అలవాటయ్యాక ఒక చేయి, తర్వాత వేళ్ల కొసలు. కాస్త కష్టంగా అనిపిస్తేనే ఫలితం ఉంటుంది. మానేస్తే లాభమూ పోతుంది కాబట్టి అలవాటుగా మార్చుకోవాలి.

గత ఏడాదిలో పడినవారు, లేవగానే కళ్లు తిరిగేవారు, పక్షవాతం, పార్కిన్సన్స్ ఉన్నవారు, ఈ మధ్యే ఆపరేషన్ అయినవారు ముందుగా డాక్టర్‌ను లేదా ఫిజియోథెరపిస్టును కలవాలి. నిద్రమాత్రలు, కొన్ని బీపీ మందుల వల్ల కూడా తూలు రావచ్చు. వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కు చూపించండి. వ్యాయామం మధ్యలో ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపేయాలి.

ప్రభుత్వం నుంచి ఏ సాయం అందుతుంది?

వృద్ధుల ఆరోగ్యం కోసం కేంద్రం 2010-11లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధుల ఓపీ, ఫిజియోథెరపీ సేవలు ఉండాలి. మీ జిల్లా ఆసుపత్రిలో ఏ వేళల్లో చూస్తారో ముందే కనుక్కోండి.

ఎల్డర్‌లైన్ 14567 సీనియర్ సిటిజన్ల టోల్‌ఫ్రీ నంబర్. దగ్గర్లోని సేవల వివరాలు అడగొచ్చు.

2017లో నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు చేతికర్రలు, వాకర్ల వంటివి ఉచితంగా ఇస్తారు.

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తారు. ఏడాదికి రూ.5 లక్షల వరకు ఉచిత వైద్యం అందుతుంది. అయితే అది ఆసుపత్రిలో చేరినప్పుడే. ఓపీలో చేయించుకునే ఫిజియోథెరపీకి వర్తించదు. అంటే పడ్డాక ఆపరేషన్‌కు కార్డు ఉంది, పడకుండా చూసుకునే బాధ్యత మాత్రం ఇంటిదే.

ఒకవేళ పడితే కంగారుగా లాగి లేపొద్దు. తుంటి దగ్గర విపరీతమైన నొప్పి ఉన్నా, కాలు కదపలేకపోయినా 108కి ఫోన్ చేయండి.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రల గురించి అడిగాక ఇంకో మాట కూడా అడగండి: 'ఇవాళ కుర్చీలోంచి పదిసార్లు లేచారా?'