భాష ఎందుకు నేర్చుకుంటాం?

ఇంగ్లీషు ఎందుకంటే మన హాస్టల్లో అందరం చెప్పేది ఒక్కటే: ఉద్యోగం. అదేమీ చిన్న కారణం కాదు. కెనడాలోని మాంట్రియల్‌లో ఫ్రెంచి నేర్చుకునే విద్యార్థులను పరిశీలించిన గార్డ్‌నర్, లాంబర్ట్ 1959లో ఇంకో కారణం కూడా చూపారు. ఆ భాషవారికి దగ్గర కావాలనే కోరిక. అది ఉన్నవారే బాగా నేర్చారట.

డాక్టర్ అంబేద్కర్ గారి కారణం ఈ రెండింటిలోనూ ఇమడదు. అంటరానివాడని బడిలో ఆయనకు సంస్కృతం చెప్పలేదు, పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. పెద్దయ్యాక సంస్కృతం సొంతంగా నేర్చుకున్నారు. పాళీ నేర్చి నిఘంటువే తయారుచేశారు. కాదన్న పుస్తకాన్ని తానే చదివి తేల్చుకోవాలన్న పట్టుదల అది!

ఆయన రచనలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి. 1936 నాటి 'కుల నిర్మూలన'ను మేము స్టడీ అవర్ అయ్యాక ఇంగ్లీషులోనే రోజుకో పేజీ చదువుతున్నాం. డిక్షనరీ మాత్రం పక్కనే ఉండాలి.