చేతిలో సూది, ఒళ్లో పుస్తకం

పోయిన సోమవారం అటక మీంచి పాత చీరల మూట దింపి బొంత కుట్టడానికి కూర్చున్నాను. పక్కనే వారానికి సరిపడా పుస్తకాలు. సూది చూసుకుంటే పుట కనబడదు, పుట చూసుకుంటే వేలు పొడుచుకుంటుంది. మొదటి గంటలోనే రెండుసార్లు పొడుచుకున్నాను. పడక కుర్చీలో లేసు అల్లుకుంటున్న అమ్మ నవ్వింది. ఆవిడకి ఎనభై రెండేళ్లు. అల్లికకి ఆవిడ కళ్లతో పనిలేదు, లెక్కంతా వేళ్లకే తెలుసు.

"నువ్వు చదువు, నేను అల్లుతా. బొంత ఎక్కడికీ పోదులే" అంది.

ఒకరు చదవడం, పని చేసేవాళ్లు వినడం. ఈ ఏర్పాటుని ఉద్యోగంగా మార్చిన ఊరు ఒకటుంది. 1865లో క్యూబా రాజధాని హవానాలో, ఎల్ ఫిగారో అనే చుట్టల కర్మాగారంలో ఒక మనిషి గట్టిగా చదువుతుంటే మిగతావాళ్లు వింటూ చుట్టలు చుట్టడం మొదలుపెట్టారు. పొద్దున పత్రికలు, ఆ తర్వాత నవలలు. చదివేవాడి జీతం యజమాని ఇచ్చేవాడు కాదు, కార్మికులే తమ కూలి డబ్బుల్లోంచి తలా కొంత వేసుకునేవారు. ఏ నవల చదవాలన్నదీ వాళ్లే ఓటు వేసి తేల్చుకునేవారు. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీగా ఉంటే ఏమవుతుందో ప్రభుత్వానికి త్వరగానే అర్థమైంది. 1866లో ఈ చదువుల్ని నిషేధించింది. ఆచారం మాత్రం చావలేదు. ద్యూమా రాసిన 'ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో' అంటే చుట్టేవాళ్లకి ఎంత ఇష్టమంటే, 1935లో వచ్చిన ఒక చుట్టల రకానికి మాంటెక్రిస్టో అని పేరు పెట్టారు. నేటికీ ఆ పేరే.

అమ్మకి ఇది బాగా నచ్చింది. "మన గుంటూరు వైపు పొగాకు గ్రేడింగుకి వెళ్లే ఆడవాళ్లకి ఎవరన్నా ఇలా చదివి పెడితే ఎంత బాగుండేదే" అంది.

మంగళవారం 'ఒడిస్సీ'. మొగుడు ఇరవై ఏళ్లు ఇంటికి రాడు, పెళ్లి చేసుకుంటామని ఇంటినిండా మగాళ్లు వచ్చి కూర్చుంటారు. మామగారికి శవవస్త్రం నేయడం పూర్తయ్యాకే జవాబు చెబుతానంటుంది పెనెలొపి. పగలు నేసింది రాత్రి విప్పుతుంది. అలా మూడేళ్లు గడిచాక, నాలుగో ఏట దాసీలు గుట్టు బయటపెడతారు. లోకమంతా ఆమె తెలివిని మెచ్చుకుంది. అమ్మకి మాత్రం ఆశ్చర్యం ఇంకోచోట: "మూడేళ్లు నేసి విప్పి, విప్పి నేసినా తెగలేదంటే ఆ నూలు ఎంత గట్టిదో!"

నేతకీ రాతకీ చుట్టరికం పాతదే. గ్రంథం అన్న మాట కట్టడం, ముడివేయడం అనే అర్థమున్న ధాతువులోంచి వచ్చింది. తాటాకులకి రంధ్రం చేసి తాడు గుచ్చి కట్టేవారు మరి. సూత్రం అంటే దారం. మంగళసూత్రంలోనూ వ్యాకరణ సూత్రంలోనూ ఉన్నది ఆ దారమే. ఇంగ్లీషులో 'టెక్స్ట్', 'టెక్స్‌టైల్' రెండూ లాటిన్‌లో నేయడం అనే అర్థమున్న ఒకే క్రియకి పిల్లలు. మనమేమో కథ అల్లాడంటాం, పద్యం అల్లాడంటాం, అబద్ధాన్నీ అల్లాడనే అంటాం.

మాట వరసకే కాదు, నిజంగానే పుస్తకం నేశారు కూడా. ఫ్రాన్సులోని లియోన్‌లో 1886-87లో ఒక ప్రార్థనల పుస్తకాన్ని అక్షరాలు, బొమ్మలు, అంచుల అలంకారాలతో సహా పట్టుదారంతో మగ్గం మీద నేశారు. అచ్చు వేసింది ఒక్క అక్షరం లేదు. ఏ దారం పైకి లేవాలో చెప్పే చిల్లుల అట్టలే లక్షకు పైగా వాడారట.

మనవైపు మగ్గాల ఊరు వేటపాలెంలో నేసిన పుస్తకం లేదు గానీ, 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. ఆ గ్రంథాలయ భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు.

బుధవారం చుట్టాలొచ్చారు. చదువూ లేదు, కుట్టూ లేదు. పకోడీలు మాత్రం బాగా కుదిరాయి.

గురువారం నాన్నగారి పాత నిఘంటువుకి మరమ్మతు. దబ్బనం, పురికొస, మైదా లయి. లయి ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేయడం పాతకాలపు బైండింగువాళ్ల అలవాటు. పురుగుకి పుస్తకంలో ఇష్టమైన పదార్థం జ్ఞానం కాదు, పిండి. ఆ పిండికి విషం తగిలిస్తే అట్ట జోలికి రాదు. (పసిపిల్లలున్న ఇంట్లో ఆ పని పెట్టుకోకండి. నేనూ పెట్టుకోలేదు, అట్టల మధ్య వస కొమ్ములు పెట్టి ఊరుకున్నాను.)

దబ్బనం పట్టుకుంటే లూయీ బ్రెయిల్ గుర్తొస్తాడు. 1809లో పుట్టాడు. తండ్రి గుర్రాలకు తోలు సరంజామా కుట్టేవాడు. మూడేళ్ల వయసులో నాన్న కొట్లో తోలుకి చిల్లులు పొడిచే ఆరె తీసి ఆడుకుంటుంటే అది కంట్లో దిగింది. ఆ గాయం చీము పట్టి రెండో కంటికీ పాకి చూపు మొత్తం పోయింది. పెద్దయ్యాక అంధులు వేళ్లతో తడిమి చదివేలా చుక్కల లిపి తయారుచేసి, 1829లో ప్రకటించాడు. ఆ చుక్కలు పొడిచే మొన సాధనం చూడండి, ఆరెకి చెల్లెలిలా ఉంటుంది.

ఇంకో పిల్ల సంగతి. ఇంగ్లండు రాణి కాబోయే మొదటి ఎలిజబెత్, పదకొండేళ్ల వయసులో ఒక ఫ్రెంచి కావ్యాన్ని ఇంగ్లీషు చేసి, తన చేతిరాతతో రాసి, దానికి కుట్టుపని చేసిన అట్ట కూడా వేసి, సవతి తల్లి కేథరిన్ పార్‌కి కొత్త సంవత్సరపు కానుకగా ఇచ్చింది. అది 1544 చివర. నీలం మీద వెండి తీగల అల్లిక, మధ్యలో అమ్మగారి పేరు పొడి అక్షరాలు. ఆ పుస్తకం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో ఉంది. మా ఇంట్లో పదకొండేళ్ల వాళ్లు నోటు పుస్తకానికి అట్ట వేయమని నా దగ్గరికే తెస్తారు.

చదివేసిన పేపర్లు ఏం చేయాలంటే మా అమ్మమ్మ దగ్గర జవాబుండేది. చింపి నానబెట్టి, మెంతులతో కలిపి మెత్తగా రుబ్బి, బోర్లించిన గిన్నెకి ఆ గుజ్జు మందంగా మెత్తి ఎండబెట్టేది. ఊడదీస్తే బుట్ట. మెంతుల జిగటే బంక, వాటి చేదే పురుగుకి కాపలా. శుక్రవారం ఒకటి చేశాను. ఇల్లంతా మెంతి వాసన.

అన్నట్టు, శ్రీకాళహస్తి కలంకారీ తెర చూసినప్పుడు బొమ్మల కింద నడిచే తెలుగు అక్షరాల వరసని వదిలేయకండి. అది చదువుకునే బట్ట, గుడిలో వేలాడదీసిన పుస్తకం. ముందు బట్టని కరక్కాయ రసం, గేదె పాలు కలిపి అందులో ముంచుతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పాకదు. నల్లగీతకి వాడేది కసిం, అంటే ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టిన ద్రావకం. కలం నుంచి దిగేటప్పుడు పలచగా, వెలవెలబోతూ ఉంటుంది. బట్టలోని కరక్కాయ వగరు తగలగానే నల్లబడుతుంది. మన పెద్దలు అన్నభేది, కరక్కాయ కలిపి రాతకి సిరా చేసుకున్నదీ ఇదే రసాయనంతో.

శనివారం మాత్రం ఒక్క పుస్తకమే. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త రాసిన 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్', 1982లో వచ్చింది. అమ్మ పుట్టిల్లు ఆ పక్కనే. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో వేల ఇళ్లకి పాకింది. ఒకామె పువ్వు అల్లుతుంది, ఇంకొకామె అంచు, మరొకామె ముక్కలన్నీ కలుపుతుంది. సరుకు దేశాలు దాటుతుంది, అమ్మకం మగవాళ్ల చేతిలో. అల్లిన మనిషిని ఏం పని చేస్తావని అడిగితే గృహిణి. జనాభా లెక్కలూ అలాగే రాసుకున్నాయి. ఖాళీ సమయంలో కాలక్షేపానికి చేసే పని అనుకుంటే కూలి తక్కువిచ్చినా అడిగేవారుండరు. మీస్ పట్టుకున్న కిటుకు ఇదే.

తెలుగులో చెప్పుకుంటూ చదువుతున్నాను. 'ఖాళీ సమయం' అన్న దగ్గర కొక్కెం సూది ఆగింది.

"ఖాళీయా! పొయ్యి మీద అన్నం, ఒళ్లో నువ్వు, చేతిలో ఇది. ఆ జర్మనీ ఆవిడ మా ఇంటికి వచ్చుంటే చెప్పేదాన్ని. సరే, ఆపేశావేం? చదువు."

ఆదివారం అమ్మ బల్లగుడ్డకి కుచ్చిళ్ల అంచు వేస్తోంది. కుట్టు కుట్టుకీ లెక్క పెంచుకుంటూ పోతే అల్లిక చదునుగా ఉండలేక కోడిజుట్టు పువ్వులా మడతలు పడుతుంది. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమినా అనే గణిత శాస్త్రజ్ఞురాలు పట్టుకున్నది సరిగ్గా దీన్నే. హైపర్‌బోలిక్ తలం అనే వంకర జ్యామితిని పిల్లలకి చూపించడానికి అంతకుముందు కాగితం నమూనాలుండేవి, ముట్టుకుంటే చిరిగేవి. ఆమె కొక్కెం సూది తీసుకుని ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుతూ అల్లేసింది. చేతిలో పట్టుకుని సాగదీసి చూడొచ్చు. ఆమె రాసిన పుస్తకానికి విచిత్రమైన పేర్లకిచ్చే డయాగ్రమ్ బహుమతి వచ్చింది, ఆ తర్వాత గణిత రచనకిచ్చే ఆయిలర్ బహుమతీ వచ్చింది.

"అంటే నేను చేసేది లెక్కలా?" అంది అమ్మ. పదో తరగతి లెక్కల్లో నన్ను తిట్టిన మనిషి.

బొంత సగం కూడా కాలేదు. వచ్చే వారం ఏం చదవమంటావని అడిగాను.

"ఆ చుట్టలవాళ్లు ఓటేసుకున్నదేదో, అదే తే. ఎన్ని పుటలేంటి?"

"వెయ్యి పైనే అమ్మా."

బుట్టలో దారం ఉండలు లెక్కపెట్టుకుంది. "అయితే బల్లగుడ్డ చాలదు. మంచం దుప్పటి ఎత్తుకుంటా."