అర్థం కాలేదని చెప్పగలిగిన చోట

ఉపకార వేతనాల దరఖాస్తుల్లో మార్కులు కనిపిస్తాయి. ఆ మార్కుల వెనుక ఏ మాస్టారు ఉన్నారో కనిపించదు.

మన ఇళ్లలో తెలుగు. బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. చిన్న తరగతిలో చేరిన పిల్లవాడికి లెక్క తెలిసినా, ఎక్కడ అర్థం కాలేదో చెప్పడానికి మాట దొరకదు. నోరు విప్పితే యాసకు నవ్వుతారని ఊరుకుంటాడు. ఊరుకున్నాడు కనుక వచ్చిందనుకుని పాఠం ముందుకు పోతుంది. టీచరు దగ్గర కాస్త చనువుంటే ముందుగా కలిగే మేలు, తప్పు దాచుకోనక్కరలేకపోవడం. తప్పు బయటపడితేనే కదా దిద్దేది! 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 29వ సెక్షన్ పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పేలా చదువు ఉండాలంటుంది.

చనువంటే ఎప్పుడూ మెచ్చుకోవడం కాదు, ఒకే అభిప్రాయంతో ఉండడమూ కాదు. తిరుత్తణి తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపకార వేతనాలతోనే చదువుకున్నారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎం.ఏ. చదువుతూ, వేదాంతంలో నీతికి చోటు లేదన్న క్రైస్తవ విమర్శకుల మాటకు జవాబుగా సిద్ధాంత వ్యాసం రాశారు. అది 1908లో అచ్చయింది. అప్పటికాయనకు ఇరవై ఏళ్లు. ఆయన ఆచార్యుడు ఎ.జి.హాగ్ స్వయంగా క్రైస్తవ మిషనరీ. అయినా ఆ వ్యాసంలోని అవగాహనను, వాదన నడిపిన తీరును మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం ఇచ్చారు. అటువంటి మాట ఆ వయసులో ఎంత బలమో వేరే చెప్పాలా? తర్వాత రాధాకృష్ణన్ 1918లో మైసూరు మహారాజా కాలేజీలో ఆచార్యులయ్యారు. 1921లో కలకత్తాకు బయలుదేరినప్పుడు, పూలతో అలంకరించిన బండిలో ఆయన్ను కూర్చోబెట్టి విద్యార్థులే రైల్వే స్టేషను దాకా లాగారు.

అందరు మాస్టర్లూ అలా ఉండరు. ఉండాలనుకున్నా, తరగతి కిక్కిరిసి ఉంటే ఒక్కొక్కరినీ పలకరించడం వారికీ కష్టమే. చనువు ముందు బెంచీ వారికే దక్కితే వెనుక బెంచీ పిల్లలు మరింత ముడుచుకుపోతారు. వారిలో మన పిల్లలూ ఉంటారు.

తల్లిదండ్రుల వంతు కూడా ఉంది. మనలో చాలామంది ఫిర్యాదు వస్తే తప్ప బడి గడప తొక్కరు. కూలి పోతుందని కొందరు, ఆ భాష సరిగా రాదని కొందరు. వచ్చిన నాలుగు మాటలతోనే వెళ్లవచ్చు. పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చిన వారంలో ఒకసారి వెళ్లి, మార్కుల సంగతి పక్కన పెట్టి, "మావాడు తరగతిలో ఏమైనా అడుగుతాడాండీ?" అని కనుక్కోండి. దరఖాస్తు మీద సంతకం కావలసిన రోజు దాకా ఆగవద్దు.